ఫ్యామిలీ కోర్టు కేసుకి ఏ లాయర్‌ని పెట్టుకోవాలి, ఫీజు ఎలా మాట్లాడుకోవాలి

మా చెల్లి కేసు అయిపోయి ఏడాది దాటింది, అయినా నెలకి ఒకరన్నా ఫోన్ చేసి "అన్నా, మంచి డివోర్స్ లాయర్ ఉంటే నెంబర్ ఇవ్వవా" అంటారు. నేను లాయర్‌ని కాదు, నాలుగేళ్లు చెల్లి పక్కన కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నోణ్ణి, అంతే. నెంబర్ ఇవ్వడానికి నాకేం పోదు గానీ మా ఊరి కేసుకి పనికొచ్చినాయన మీ కేసుకి పనికొస్తాడని ఏంటి గ్యారంటీ. మేం మొదట పెట్టుకున్న పెద్ద పేరున్న లాయరు కూడా ఇలాగే ఎవరో నెంబర్ ఇస్తే పోయి పట్టుకున్నోడే, అక్కడే మేం దెబ్బతిన్నాం. ఆ కథ కాసేపాగి చెప్తా.

లాయర్ కంటే ముందు కోర్టు తేల్చుకోండి

చాలామంది తిరగేసి చేస్తారు, ముందు లాయర్‌ని ఖాయం చేసేసుకుని తర్వాత కేసు ఎక్కడ వేయాలని ఆయన్నే అడుగుతారు, ఆయన సహజంగా ఆయన రోజూ తిరిగే కోర్టే చెప్తాడు.

హిందూ వివాహ చట్టం కింద విడాకుల కేసు పెళ్లి జరిగిన ఊళ్లో వేయొచ్చు, ఇద్దరూ చివరిసారి కలిసున్న చోట వేయొచ్చు, అవతలి మనిషి ఉండే చోట వేయొచ్చు, అమ్మాయి వేస్తే తను ఇప్పుడు ఉంటున్న ఊళ్లో కూడా వేయొచ్చు (ఈ వెసులుబాటు 2003లో వచ్చింది). మనోవర్తి, గృహహింస కేసులైతే అమ్మాయి పుట్టింటికొచ్చి ఉంటున్న ఊళ్లో వేసుకోవచ్చు. ఫ్యామిలీ కోర్టు లేని ఊరైతే కంగారు పడక్కర్లేదు, విడాకుల పిటిషన్ (ఓపీ అంటారు) సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో పడుద్ది, మనోవర్తి మెజిస్ట్రేట్ దగ్గర.

మా చెల్లి కాపురం మియాపూర్‌లో, పుట్టిల్లు నరసరావుపేట. బావ కూకట్‌పల్లిలో విడాకులకి వేశాడు, చెల్లి పేటలో మనోవర్తికి వేసింది. కూకట్‌పల్లి కేసుని పేటకి మార్పించుకుందాం అనుకుంటే అప్పుడు తెలిసింది, ఒకే రాష్ట్రంలో అయితే హైకోర్టు మారుస్తుంది గానీ తెలంగాణ నుంచి ఆంధ్రాకి మారాలంటే సుప్రీంకోర్టుకే వెళ్లాలి, 2019 జనవరి 1 నుంచి హైకోర్టులు రెండయిపోయాయి కదా. ఐదారు గంటల బస్సు ప్రయాణం తప్పించుకోడానికి ఢిల్లీలో పిటిషన్ వేయాలన్నమాట. రెండు రాష్ట్రాల మధ్య సంబంధం చేసుకున్నోళ్లందరికీ ఉన్న తిప్పలే ఇది, మీది అలాంటి కేసైతే మొదటి మీటింగ్‌లోనే అడగండి. అక్కడ కూడా సుప్రీంకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ ద్వారా ఆడవాళ్లకి ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, ఇది మాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

నేను చూసే నాలుగు విషయాలు

ఒకటి, వాయిదా రోజు మీ పేరు పిలిచినప్పుడు లేచి నిలబడేది ఎవరు. పేరున్న లాయరా, ఆయన జూనియరా, జూనియర్ ఫ్రెండా. నాకైతే దీని తర్వాతే ఏదైనా. రెండు, ఆయనకి మీ కోర్టులో రోజూ పని ఉందా లేదా. హైదరాబాద్‌లో పురానీ హవేలీ కోర్టులో తిరిగేవాళ్లు వేరు, కూకట్‌పల్లి వేరు, ఎల్.బి.నగర్ వేరు, ఒకే పొద్దున పదిన్నరకి మూడు చోట్లా ఎవరూ ఉండలేరు. మూడు, ఫీజు ఎంత అన్నదానికన్నా ఎలా విడగొట్టారు అన్నది. నాలుగు, ఫోన్ ఎత్తుతాడా, కనీసం గుమాస్తా అయినా ఎత్తుతాడా.

గెలుస్తాడా లేదా అనేది ఈ లిస్టులో ఎందుకు లేదంటే, ఫ్యామిలీ కేసులో గెలుపు అనే మాటే సగం అబద్ధం, "మూడు నెలల్లో డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) ఇప్పిస్తా" అన్నోడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. ఇద్దరూ ఇష్టపడి వేసే మ్యూచువల్‌కే ఏడాది విడిగా ఉండాలి, ఆపైన ఆరు నెలలు ఆగాలి, ఆ ఆరు నెలలు తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, చేయొచ్చు అంది గానీ చేసి తీరాలి అనలేదు.

| ఎవరు | వాయిదాకి వచ్చేది | డబ్బు సంగతి | ఎవరికి సరిపోద్ది |
|---|---|---|---|
| లీగల్ ఎయిడ్ లాయర్ | ఆయనే, కానీ బోలెడు కేసుల మధ్య | మీరు ఇచ్చేది ఏమీ లేదు | చేతిలో డబ్బు లేని ఆడవాళ్లకి, మనోవర్తి, గృహహింస కేసులకి |
| ఊళ్లో తెలిసిన లాయర్ | ఆయనే | తక్కువ, కానీ లెక్కాపత్రం ఉండదు | చిన్న ఊరి కోర్టు, గొడవ పెద్దగా లేని కేసు |
| ఫ్యామిలీ కేసులే చేసే మధ్యస్థాయి లాయర్ | ఎక్కువసార్లు ఆయనే | దశలవారీగా మాట్లాడుకోవచ్చు | కొట్లాట ఉన్న కేసు, పిల్లల కస్టడీ |
| పెద్ద పేరున్న ఆఫీసు | జూనియర్లు | ముందే పెద్ద మొత్తం | ఆస్తులు, హైకోర్టు పని |
| ఆన్‌లైన్‌లో దొరికే లాయర్ | ఎవరొస్తారో చెప్పలేం | గంటకో కాల్‌కో | సలహా వరకు, నోటీసు చదివించుకోడానికి |

లీగల్ ఎయిడ్ అంటే చిన్నచూపు వద్దు

1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఉద్యోగం చేసే అమ్మాయి అయినా సరే. ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి కూడా ఆదాయం అడ్డు కాదు, మిగతా మగవాళ్లలో చాలామందికి మాత్రం ఆదాయ పరిమితి ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, చిన్న ఊళ్లలో మండల కమిటీ కోర్టులోనే ఉంటుంది, తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చినా తీసుకుంటారు. దారి తెలీకపోతే లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

పేటలో చెల్లి మనోవర్తి కేసు మేం ఇలాగే వేశాం. మా నాన్న మూడు రోజులు అలిగాడు, "ఫ్రీ లాయర్ ఏం వాదిస్తాడు, పరువు పోద్ది" అని. వచ్చినావిడ ముప్పై ఏళ్లు కూడా దాటని అమ్మాయి, మొదటి రోజే చెల్లి చేత ఆస్తులు అప్పుల అఫిడవిట్ రాయించింది. 2020లో సుప్రీంకోర్టు చెప్పాక మనోవర్తి కేసుల్లో రెండు పార్టీలూ ఇది వేయాల్సిందే, బావ జీతం లెక్క బయటపడింది అక్కడే. అదే హైదరాబాద్‌లో పెద్దాఫీసు ఆ అఫిడవిట్ ఊసు కూడా ఎత్తలేదు మాతో.

ఇబ్బందులు లేవని కాదు. లాయర్‌ని మీరు ఎంచుకోలేరు, ప్యానెల్‌లో ఎవరొస్తే వాళ్లే, కొంతమంది కాగితం కోసం వచ్చినట్టు వచ్చి పోతారు. అలాంటప్పుడు అదే ఆఫీసులో మళ్లీ అర్జీ పెట్టి మార్చమని అడగొచ్చు. లీగల్ ఎయిడ్ లాయర్ మిమ్మల్ని విడిగా ఫీజు అడిగితే ఇవ్వొద్దు, సంస్థ సెక్రటరీకి చెప్పండి, ఆ సెక్రటరీ కూడా జడ్జి హోదా ఉన్నాయనే.

లోక్ అదాలత్ సంగతి కూడా అడుగుతుంటారు. మనోవర్తి, సామాన్లు, పిల్లల్ని చూడ్డం లాంటివి అక్కడ రాజీ చేసుకోవచ్చు, ఫీజు లేదు, అక్కడిచ్చే ఉత్తర్వు (అవార్డు అంటారు) మీద అప్పీలూ లేదు. విడాకుల డిక్రీ మాత్రం అక్కడ ఇవ్వరు.

ఊళ్లో తెలిసినాయన

మామయ్య ఫ్రెండో, నాన్న పొలం కేసు చూసినాయనో. ఫోన్ ఎత్తుతాడు, ఇంటికొచ్చి టీ తాగి వెళ్తాడు, డబ్బులు పంట చేతికొచ్చాక ఇమ్మంటాడు. పొలం గట్టు తగాదాలు చేసినాయనకి మధ్యంతర మనోవర్తి (కేసు నడుస్తుండగానే ఇప్పించేది) పిటిషన్ అలవాటు ఉండకపోవచ్చు, పైగా మీ ఇంటి సంగతులు ఊరంతా తెలుస్తాయేమో అని ఆడపిల్ల నోరు విప్పి అన్నీ చెప్పదు. చెప్పాల్సినవి చెప్పకపోతే పిటిషన్‌లో రావు, పిటిషన్‌లో లేనిది తర్వాత క్రాస్‌లో (అవతలి లాయర్ ప్రశ్నలు అడిగేటప్పుడు) చెప్తే "ముందే ఎందుకు చెప్పలేదమ్మా" అంటారు. మ్యూచువల్ అయితే ఈయన చాలు, కొట్లాట కేసైతే నేను వద్దంటా.

పెద్ద పేరున్న ఆఫీసు

కూకట్‌పల్లి విడాకుల కేసుకి మేం మొదట వెళ్లింది ఇక్కడికే, పేరు చెప్పను. ఏసీ రూము, గోడంతా లా పుస్తకాలు, పది నిమిషాలు మాట్లాడాడు, చెల్లి ఏడిస్తే టిష్యూ ఇచ్చాడు, మేం పడిపోయాం. మొత్తం ఫీజులో ముప్పావు వంతు ముందే కట్టాం, కాగితం ఏమీ లేదు. "మీరు రానక్కర్లేదమ్మా, అంత దూరం నుంచి ఎందుకు, మేం చూసుకుంటాం" అన్నారు. మూడో వాయిదా రోజు సాయంత్రం నేను ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని ఊరికే కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ యాప్ తెరిచి చూస్తే రెస్పాండెంట్ సెట్ ఎక్స్ పార్టీ అని ఉంది. అంటే మా తరఫున ఎవరూ నిలబడలేదు, కౌంటర్ (మా జవాబు) వేయలేదు, చెల్లి రాలేదన్నట్టు రాసేశారు. ఫోన్ చేస్తే జూనియర్ "ఎల్.బి.నగర్‌లో ఇంకో మ్యాటర్‌లో ఇరుక్కుపోయా సార్" అన్నాడు. దాన్ని తీయించడానికి మళ్లీ పిటిషన్, దానికి ఖర్చులు, అవీ మేమే కట్టాం.

అందరూ ఇలాగే ఉంటారని కాదు, ఆస్తుల లెక్కలు చిక్కుగా ఉన్న కేసుకో, హైకోర్టు అప్పీలుకో ఇలాంటి ఆఫీసు పనికొస్తుంది. ఫీజు కట్టే ముందు ఒక్క మాట అడగండి, "సార్, మా కోర్టుకి మీ ఆఫీసు నుంచి రోజూ వచ్చేది ఎవరు, ఆ జూనియర్ గారితో ఒకసారి కలిపించండి" అని. కలిపించకపోతే అర్థమైపోద్ది.

మధ్యస్థాయి లాయర్ని పట్టుకోవడం ఎలా

నా ఓటు ఎక్కువసార్లు వీళ్లకే. పదేళ్లు పదిహేనేళ్లు అదే కోర్టులో ఫ్యామిలీ కేసులు చేస్తూ సొంతంగా ఒక జూనియర్, ఒక గుమాస్తా ఉన్నవాళ్లు. వీళ్లు గూగుల్లో పైన రారు, లాయర్లు ప్రకటనలు వేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ 36 చెప్తుంది, కాబట్టి "టాప్ 10 డివోర్స్ లాయర్స్" అని కనిపించే లిస్టుల్ని నమ్మి వెళ్లకండి.

మేం చేసింది చెప్తా. ఒక పూట సెలవు పెట్టి పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా కోర్టు దగ్గర కూర్చున్నా. ఫ్యామిలీ కేసుల్లో కొన్ని తలుపులేసి వింటారు, లోపలికి పోనివ్వరు, అయినా వరండాలో నిలబడితే చాలు, ఎవరు క్లయింట్‌తో నిలబడి మాట్లాడుతున్నారు, ఎవరు పరిగెత్తుకుంటూ వచ్చి "ఏ కేసు మనది" అని గుమాస్తాని అడుగుతున్నారు, అన్నీ కనపడతాయి. ముగ్గురి పేర్లు రాసుకున్నా. ఇంటికొచ్చి ఈకోర్ట్స్‌లో అడ్వకేట్ పేరుతో వెతికితే ఆ కోర్టులో వాళ్లకి ఎన్ని కేసులున్నాయో వచ్చింది, ఒకాయనకి రెండే ఉన్నాయి, ఆయన్ని కొట్టేశా.

మొదటి మీటింగ్‌కి ఒక పేజీలో తేదీలు రాసుకెళ్లండి, పెళ్లి ఎప్పుడు, ఎప్పటి నుంచి విడిగా ఉన్నారు, పోలీస్ స్టేషన్‌లో ఏదన్నా పెట్టారా, ఇచ్చిన బంగారం ఎంత, సామాన్లు ఎక్కడున్నాయి. పెళ్లి పత్రిక, ఫొటోలు, జీతం కాగితాలు, వచ్చిన నోటీసు జిరాక్స్. కన్సల్టేషన్ ఫీజు అడిగితే ఇచ్చేయండి, ఆ డబ్బుకి గంట సేపు సరిగ్గా వింటాడు.

ఫీజు మాటలు

కోర్టు ఫీజు స్టాంపులు విడాకుల కేసుకి నామమాత్రమే, ఖర్చంతా లాయరుది, తిరుగుళ్లది. ఫీజు నాలుగు రకాలుగా అడుగుతారు.

ఏకమొత్తం. వినడానికి హాయిగా ఉంటుంది, తర్వాత మొదలవుద్ది, "మధ్యంతర పిటిషన్ విడిగానమ్మా", "అది ట్రాన్స్‌ఫర్ కదా, అది వేరే". ఏకమొత్తంలో ఏమేం కలిసున్నాయో రాయించుకోకపోతే అది ఏకమొత్తం కాదు, అడ్వాన్సు.

వాయిదాకి ఇంత. మ్యూచువల్‌కి పర్లేదు, కొట్లాట కేసుకి అసలొద్దు. జడ్జిగారు సెలవు, లాయర్ల విధుల బహిష్కరణ, అవతలోళ్లు టైం అడిగారు, సమన్లు అందలేదు, ఇలా ఏ పనీ జరక్కుండానే వాయిదాలు పడిపోతుంటాయి, ప్రతిదానికీ మీ జేబులోంచి పోద్ది.

దశలవారీ. మా రెండో లాయర్ గారు టేబుల్ మీదున్న తెల్లకాగితం లాక్కుని పెన్నుతో రాసిచ్చారు: వకాల్తా (మన తరఫున వాదించడానికి ఇచ్చే అధికార పత్రం), కౌంటర్‌కి 10 వేలు, మధ్యంతర పిటిషన్‌కి 5 వేలు, చీఫ్ (మన సాక్ష్యం), క్రాస్ కలిపి 15 వేలు, ఆర్గ్యుమెంట్స్‌కి 10 వేలు. కింద గుమాస్తా, జిరాక్స్, టైపింగ్ ఖర్చులు విడిగా అని కూడా రాసి సంతకం పెట్టారు. ఇది మాకు పడిన రేటు, మీ ఊళ్లో వేరేగా ఉంటుంది, అంకెల్ని కాదు ఆ పద్ధతిని చూడండి. మా కేసు క్రాస్ దాకా రాకుండానే మ్యూచువల్ అయిపోయింది, కాబట్టి ఆఖరి 25 వేలు మిగిలాయి. ఏకమొత్తం అయ్యుంటే పోయేవే.

ఇక నాలుగోది, వచ్చే భరణంలో వాటా. "ముందు ఏమీ ఇవ్వొద్దు, శాశ్వత భరణం వచ్చాక పది శాతం ఇవ్వండి" అంటే చేతిలో డబ్బు లేని అమ్మాయికి దేవుడిలా కనిపిస్తాడు. అది బార్ కౌన్సిల్ రూల్స్‌కి విరుద్ధం. 2017లో తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో, అది యాక్సిడెంట్ పరిహారం కేసు, వచ్చిన డబ్బులో శాతం అని లాయరు తీసుకున్న చెక్కు గొడవ మీద సుప్రీంకోర్టు అలాంటి ఒప్పందం చెల్లదని గట్టిగా చెప్పింది. ఖాళీ చెక్కు మీద సంతకం మాత్రం ఎవరికీ పెట్టొద్దు.

డబ్బు వీలైనంత వరకు యూపీఐలో పంపండి, దేనికో రాసి పంపండి. ఎందుకంటే 2024 మేలో సుప్రీంకోర్టు లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందకి రావని చెప్పేసింది, అంటే కన్స్యూమర్ ఫోరం దారి మూసుకుపోయింది, మిగిలింది స్టేట్ బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు, అక్కడ మీ మాటకన్నా మీ దగ్గరున్న కాగితం మాట్లాడాలి.

ఇంకోటి, బంగారం తాకట్టు పెట్టేముందు ఇది తెలుసుకోండి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద ఆదాయం లేని భార్య (భర్త అయినా సరే) కేసు నడిచినంత కాలం ఖర్చులకి, లాయర్ ఫీజుకి అవతలి వాళ్ల నుంచి ఇప్పించమని అడగొచ్చు, నోటీసు అందాక వీలైనంత వరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అరవై రోజుల్లో తేలుతుందని నేను చెప్పను, మాకు ఏడు నెలలు పట్టింది, మొదటి ఖర్చు ఎలాగూ మన చేతిదే. అయినా వేయండి, ఈ పిటిషన్ గురించి తనంతట తాను చెప్పిన లాయర్‌కి నేను ఒక మార్కు ఎక్కువేస్తా.

మీరెవరైతే ఏది

ఇద్దరూ ఒప్పుకుని విడిపోతున్నారు, పిల్లల్లేరు, ఇచ్చిపుచ్చుకునేది తేలిపోయింది, అలాంటప్పుడు ఊళ్లో లాయరైనా చాలు. ఒకే లాయర్‌తో ఇద్దరూ కలిసి వేసుకోవచ్చు గానీ ఒప్పందం కాగితం మాత్రం మీ తరఫున ఇంకెవరి చేతనన్నా చదివించండి.

దెబ్బలు తిని రాత్రికి రాత్రి పుట్టింటికొచ్చిన అమ్మాయి అయితే లాయర్ల పోలికలు తర్వాత, ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, సఖి సెంటర్‌కి (బాధిత ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) వెళ్లండి, అక్కణ్ణుంచే లీగల్ ఎయిడ్‌కి దారి ఉంటుంది.

మగవాళ్లు, ముఖ్యంగా అవతలివైపు నుంచి మూడు నాలుగు కేసులు పడినవాళ్లు, అన్నిటికీ ఒకే లాయర్‌ని పెట్టుకోవాలా అని అడుగుతారు. కేసులు రెండు ఊళ్లలో ఉంటే ఒకే లాయర్ కుదరదు, ప్రతి ఊరికీ అక్కడి లాయర్ ఉండాలి, కానీ ఒక చోట వేసిన కౌంటర్ ఇంకో చోట వేసినదానికి అడ్డం తిరగకుండా ఎవరో ఒకరు అన్నీ చదవాలి. ఆ ఒకరు చాలాసార్లు మీరే.

అమెరికాలో ఉంటున్న జంటల కేసులు వేరే లోకం. అక్కడ లాయర్లు ఎక్కువగా గంట లెక్కన తీసుకుంటారు, ముందు రిటైనర్ (ముందస్తు ఫీజు) కట్టించుకుని ట్రస్ట్ అకౌంట్‌లో ఉంచి పని అయ్యేకొద్దీ తీసుకుంటారు, నెలనెలా బిల్లు వస్తుంది. అక్కడ తొందరగా అయిపోద్దని వేసేముందు ఒకటి గుర్తుంచుకోండి, తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక తెలుగు జంట కేసులో మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు మన దేశంలో చెల్లవని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది, మన చట్టంలో లేని కారణం మీద, అవతలి మనిషి ఒప్పుకోకుండా తెచ్చుకున్న డిక్రీ అది. కాబట్టి అక్కడి లాయర్‌తో పాటు ఇక్కడి లాయర్‌కి కూడా ఒక కన్సల్టేషన్ ఫీజు పడేయడం దండగ కాదు.

మధ్యలో లాయర్‌ని మార్చాలంటే

మార్చొచ్చు. పాతాయన్ని నో అబ్జెక్షన్ సంతకం అడుగుతారు, ఇవ్వకపోతే కోర్టు అనుమతి తీసుకుని కొత్త వకాల్తా వేసుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని మీ ఫైలు తొక్కిపట్టుకునే హక్కు లాయర్‌కి లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. మేం ఆ పెద్దాఫీసు చుట్టూ ఐదుసార్లు తిరిగాక ఫైలు ఇచ్చారు, తీరా తెరిచి చూస్తే పెళ్లి ఫొటోలు మూడు, బంగారం కొన్న ఒరిజినల్ బిల్లు ఒకటి లేవు. "మీరే ఇవ్వలేదేమో" అన్నారు. ఆ బిల్లు కోసం షాపాయన్ని పట్టుకుని పాత పుస్తకాలు తిరగేయించాల్సొచ్చింది. ఒరిజినల్స్ మీ బీరువాలోనే ఉంచుకోండి, లాయర్‌కి జిరాక్స్‌లు చాలు, కోర్టులో మార్కింగ్ (కాగితాల్ని సాక్ష్యంగా నమోదు చేయడం) ఉన్న రోజున మీ చేత్తో తీసుకెళ్లండి.